విశ్వపౌర దృక్పథం: పెద్దలలో, సామాన్యులలో

విశ్వపౌర దృక్పథం అంటే తన ఊరు, కులం, మతం, దేశం అనే గీతలకు అవతల ఉన్నవాళ్లను కూడా మనిషి తనవాళ్లుగా, కనీసం తనతో సమానమైన హక్కులున్నవాళ్లుగా ఎంచే తీరు. పరాయి భాష, తిండి, ఆచారం ఎదురైనప్పుడు జంకకపోవడం ఇందులో ఒక పాలు. దూరదేశపు మనిషి కష్టంలో తనకూ కొంత బాధ్యత ఉందనుకోవడం మరో పాలు. దేశాలు కలిసి చేసుకునే చట్టాలకు, పెట్టుకునే సంస్థలకు తలవంచడానికి ఒప్పుకోవడం ఇంకో పాలు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉండాలని లేదు. తెలుగులో ‘కాస్మోపాలిటన్’ అనే మాటను మనుషులకంటే ఊళ్లకే ఎక్కువగా వాడతాం. హైదరాబాదు కాస్మోపాలిటన్ నగరం అంటే అక్కడ నాలుగు ప్రాంతాలవాళ్లు, నాలుగు భాషలవాళ్లు ఉన్నారని అర్థం. వాళ్లు ఒకరినొకరు ఎలా చూసుకుంటారన్నది ఆ మాటలో లేదు. సామాజిక శాస్త్రం అడిగేది ఆ సంగతే.

చదువు, పదవి, ఆదాయం ఉన్నవాళ్లలో ఈ దృక్పథం ఎక్కువగా, సామాన్య పౌరుల్లో తక్కువగా ఉంటుందన్నది సర్వేలు పదేపదే చెప్పిన మాట. ముఖ్యంగా పశ్చిమ ఐరోపాలో ఈ తేడా స్పష్టంగా కనబడింది. తేడా నిజమే. కానీ దాన్ని ఎవరి మనసు విశాలం, ఎవరిది ఇరుకు అన్న లెక్కగా చదవడం పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సరిహద్దు ఎవరికి ఏ షరతు మీద తెరుచుకుంటుందన్నది చూడాలి. అలా చూస్తే పెద్దల విశ్వపౌరత్వంలో లోట్లు బయటపడతాయి. సామాన్యుల్లో ఇంతవరకు లెక్కకు రాని విశ్వపౌరత్వమూ బయటపడుతుంది.

మాట పుట్టిన చోటు

ఇవాళ ఈ మాట వినగానే విమానాశ్రయాలు, ఐదు నక్షత్రాల హోటళ్లు గుర్తుకు రావచ్చు. పుట్టింది మాత్రం నిలువ నీడ లేనివాడి నోట. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు డయోజెనిస్ నల్లసముద్రపు ఒడ్డున ఉన్న సినోపె నగరంవాడు. నాణేలను పాడుచేసిన వ్యవహారంలో ఊరు విడిచి ఏథెన్స్ చేరాడు. పెద్ద మట్టి జాడీలో పడుకునేవాడని చెబుతారు. నీదే ఊరని అడిగితే తాను లోకానికి పౌరుణ్ణని జవాబిచ్చాడట. ఆనాటి ఏథెన్స్‌లో పరదేశికి భూమి కొనే హక్కు లేదు, సభలో నోరెత్తే హక్కు లేదు. ఏ ఊరూ తనను పౌరుడిగా లెక్కించని మనిషి అన్న మాట అది.

తర్వాత దాన్ని తత్త్వంగా మలచిన స్టోయిక్కుల గురువు జీనో కూడా సైప్రస్ దీవి నుంచి ఏథెన్స్‌కు వలస వచ్చినవాడే. రోమన్ల కాలానికి ఆ బడిలో బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ ఉన్నాడు, 161 నుంచి 180 వరకు ఏలిన చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ ఉన్నాడు. మనుషులందరిదీ ఒకే నగరమని రాసుకున్న ఆ చక్రవర్తి తన పాలనలో చాలా ఏళ్లు డాన్యూబ్ నది సరిహద్దు కాపాడే యుద్ధాల్లోనే గడిపాడు. ఆలోచన ఒకటే అయినా బానిస నోట అది విడుదల కోరే మాట, రాజు నోట బాధ్యతను గుర్తుచేసుకునే మాట. ఈ రెండు స్వరాలూ అప్పటినుంచి ఇప్పటిదాకా విడివిడిగానే వినిపిస్తున్నాయి.

జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో దీన్ని దయ అని కాకుండా హక్కు అన్నాడు. పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకూడదు. అయితే అతనికి ఉన్నది సందర్శన హక్కే, స్థిరపడే హక్కు కాదు. ఈ గీతను కాంట్ గీసింది ఐరోపావాళ్ల వలస దోపిడీని తలచుకుని కూడా: చూడడానికి వచ్చామంటూ దేశాలను ఆక్రమించిన తీరును ఆ పుస్తకంలోనే ఎండగట్టాడు. ఇంత రాసిన మనిషి బతుకంతా కోనిగ్స్‌బర్గ్ నగరంలో, ఆ చుట్టుపక్కలే గడిచింది. ప్రయాణాలు చేసినవాడికే లోకం తెలుస్తుందనేవాళ్లు కాంట్ సంగతి మరిచిపోకూడదు.

తెలుగు సాహిత్యంలో డయోజెనిస్ జవాబుకు దగ్గరి బంధువు గుర్రం జాషువా (1895–1971). అంటరానితనం వల్ల ఊళ్లో చోటు దక్కని కులంలో పుట్టిన కవి, తాను విశ్వనరుణ్ణని చెప్పుకున్నాడు. ఆయన ‘గబ్బిలం’ కావ్యంలో దళితుడు తన గోడు శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని పంపుతాడు. ఊరు తలుపు మూసినప్పుడు లోకం తలుపు తట్టడం ఇక్కడా జరిగింది.

ఇదే మాట తిట్టుగానూ మారింది. 1949లో సోవియట్ యూనియన్‌లో నాటక విమర్శకుల మీద మొదలైన ప్రచారంలో ‘వేళ్లు లేని విశ్వపౌరులు’ అనే ముద్ర వేశారు. ముద్ర పడినవాళ్లలో ఎక్కువమంది యూదులు. అక్కడ ఆ మాటకు అర్థం దేశద్రోహి అని. ఇవాళ్టి రాజకీయాల్లో ఈ పదం వినిపించినప్పుడు ఆ పాత గాయం కూడా గుర్తుంచుకోవాలి.

కొలిచే పద్ధతులు

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1949లో ఒక చిన్న పట్టణం మీద చేసిన అధ్యయనం అచ్చువేశాడు. ఊరి పేరు చెప్పకుండా ‘రోవియర్’ అని మారుపేరు పెట్టాడు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు రెండు రకాలుగా తేలారు. మొదటివాళ్లు స్థానికులు. అందరినీ పేరుపెట్టి పిలవగలరు, ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు. రెండోవాళ్లు బయటి లోకం తెలిసినవాళ్లు. వార్తాపత్రికలు చదువుతారు, ఏదో ఒక విషయంలో నైపుణ్యం వల్ల గౌరవం పొందారు. తర్వాతి పరిశోధకులు చాలామంది మరిచిపోయిన సంగతి ఒకటి ఇందులో ఉంది: ఈ రెండు రకాలవాళ్లూ ఊరి పెద్దలే. పెద్ద అంటే విశ్వపౌరుడు, సామాన్యుడు అంటే స్థానికుడు అనే సమీకరణం మెర్టన్ దగ్గర లేదు.

ఇప్పటి అధ్యయనాల్లో ఉన్నత వర్గాన్ని సాధారణంగా పదవిని బట్టి లెక్కిస్తారు: పార్లమెంటు సభ్యులు, ప్రభుత్వ కార్యదర్శులు, పెద్ద కంపెనీల అధిపతులు, సైన్యాధికారులు, సంపాదకులు, కార్మిక సంఘాల నాయకులు, మతపెద్దలు. వీళ్లను మామూలు సర్వేలో పట్టుకోవడం కుదరదు. వెయ్యిమందిని ఎంచితే ఒక్కడైనా దొరకడు. అందుకే వేరుగా జాబితా వేసి వెతికి అడగాలి. ఆ జవాబులను జనసామాన్యపు సర్వే పక్కన పెట్టి పోల్చాలి. ప్రశ్నలు రెండింటిలోనూ ఒకే మాటల్లో ఉంటేనే ఆ పోలికకు విలువ.

అడిగే ప్రశ్నలోనే చిక్కుంది. ప్రపంచ విలువల సర్వేలో ‘నన్ను నేను ప్రపంచ పౌరుడిగా భావిస్తాను’ అనే వాక్యం పెట్టి ఒప్పుకుంటారా అని అడిగారు. బీబీసీ వరల్డ్ సర్వీస్ కోసం గ్లోబ్‌స్కాన్ సంస్థ 2016లో వెలువరించిన 18 దేశాల సర్వే ఇలాంటి ప్రశ్నే వేసింది. తమ దేశంకంటే ప్రపంచానికే ఎక్కువగా పౌరులమని నైజీరియాలో 73 శాతం, చైనాలో 71 శాతం, పెరూలో 70 శాతం, భారత్‌లో 67 శాతం చెప్పారు. జర్మనీలో అలా చెప్పినవాళ్లు 30 శాతమే. ఐరోపా లెక్కలు మాత్రమే చూసి విశ్వపౌరత్వం సంపన్నుల సరుకని తేల్చినవాళ్లకు ఈ అంకెలు పెద్ద అడ్డంకి. నైజీరియా పాస్‌పోర్టుతో వీసా దొరకడం కష్టం, జర్మన్ పాస్‌పోర్టుతో చాలా సులువు. దారి మూసుకుపోయిన చోట లోకం మీద మమత ఎక్కువగా పలికింది. ‘ప్రపంచ పౌరుడు’ అన్న మాటకు లాగోస్‌లో, బెర్లిన్‌లో ఒకే అర్థం ఉండకపోవచ్చు. ఒకచోట అది ఆశ, మరోచోట దేశాన్ని పలచన చేసే మాటగా తోచవచ్చు.

పలికే మాటకు, నడిచే నడతకు ఉన్న దూరం మన పాతకథలకూ తెలుసు. వసుధైక కుటుంబం అనే భావం ఇవాళ ప్రభుత్వ వేదికల మీద వినిపిస్తుంది. 2023 జీ-20 సదస్సుకు భారత్ దాన్నే నినాదంగా తీసుకుంది. హితోపదేశంలో ఆ శ్లోకాన్ని అప్పగించేది లేడిని నమ్మించి వలలో వేయించాలని చూసే నక్క. సర్వేలో వచ్చిన ‘అవును’ను ఎంతవరకు నమ్మాలన్నది పరిశోధకులను ఇప్పటికీ పీడిస్తున్న సమస్య.

ఐరోపాలో పడిన చీలిక

పెద్దలకు, జనానికి మధ్య ఈ విషయంలో ఉన్న దూరం ఐరోపాలో బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదు. ఓటు పెట్టె ద్వారా బయటపడడమే అందుకు కారణం. 1950ల నుంచి రెండు మూడు దశాబ్దాలపాటు ఐరోపా ఐక్యత నాయకుల, అధికారుల వ్యవహారంగా సాగింది. జనం అడ్డుపడలేదు, అంతగా పట్టించుకోనూ లేదు. 1970లో లియోన్ లిండ్‌బర్గ్, స్టువర్ట్ షైన్‌గోల్డ్ అనే పరిశోధకులు ఆ మౌన సమ్మతికి ఒక పేరే పెట్టారు. అది 1992 జూన్‌లో తెగింది. ఐరోపా యూనియన్‌ను ఏర్పరిచే మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని డెన్మార్క్ పార్లమెంటు 130–25 ఓట్లతో ఒప్పుకుంది. అదే ఒప్పందాన్ని జనం ముందు పెడితే 50.7 శాతం వద్దన్నారు. మినహాయింపులు పొందాక మరుసటి ఏడాది అవునన్నారు. 2005లో ఐరోపా రాజ్యాంగ ఒప్పందాన్ని మే 29న ఫ్రాన్స్‌లో దాదాపు 55 శాతం, మూడు రోజులకే నెదర్లాండ్స్‌లో 61.5 శాతం తిరస్కరించారు. రెండు దేశాల్లోనూ పెద్ద పార్టీల నాయకత్వం దాన్ని సమర్థించింది.

లండన్‌లోని చాథమ్ హౌస్ అనే పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన పది దేశాల అధ్యయనం దీనికి అంకెలు ఇచ్చింది. ఐరోపా యూనియన్ వల్ల తమకు మేలు జరిగిందన్నవాళ్లు ఉన్నత వర్గంలో 71 శాతం, సామాన్యుల్లో 34 శాతం. వలసలు తమ దేశానికి మంచి చేశాయన్నవాళ్లు అక్కడ 57 శాతం, ఇక్కడ 25 శాతం. బెర్లిన్ సామాజిక శాస్త్ర పరిశోధన కేంద్రం జర్మనీ, పోలండ్, తుర్కియే, మెక్సికో, అమెరికా దేశాల్లో చేసిన పోలిక 2019లో పుస్తకంగా వచ్చింది. అందులోనూ సరిహద్దులు తెరవడం, అధికారాన్ని అంతర్జాతీయ సంస్థలకు అప్పగించడం వంటి విషయాల్లో పెద్దలు జనం కంటే ముందున్నారు.

ఎందుకిలా? ఒక వివరణ లాభనష్టాలది. హాన్‌స్పీటర్ క్రీసి బృందం 2008లో ఆరు పశ్చిమ ఐరోపా దేశాలను పరిశీలించి, ప్రపంచీకరణలో గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అనే కొత్త చీలిక పాత వర్గ, మత చీలికలను తొక్కుకుంటూ వస్తోందని చెప్పింది. భాషలు, డిగ్రీలు ఉన్నవాడికి తెరిచిన సరిహద్దు అవకాశం. ఫ్యాక్టరీ తరలిపోతుందేమోనని భయపడేవాడికి అదే ముప్పు. రెండో వివరణ రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్‌ది. కడుపు నిండి, భద్రంగా పెరిగిన తరం స్వేచ్ఛ, వైవిధ్యం వంటి విలువల వైపు మొగ్గుతుందని ఆయన 1977 నుంచి వాదించాడు.

మూడో వివరణ కలయికది. నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది, అన్నిటికంటే జాగ్రత్తగా వాడవలసిందీ ఇదే. స్టెఫెన్ మావ్, ఆయన సహచరులు 2006 నాటి జర్మన్ సర్వే ఆధారంగా, విదేశీ స్నేహాలు, ప్రయాణాలు, అక్కడ బంధుత్వాలు ఉన్నవాళ్లు పరదేశీయుల పట్ల మరింత సుముఖంగా ఉంటారని చూపారు. నీల్ ఫ్లిగ్‌స్టీన్ 2008లో అదే సూత్రాన్ని ఐరోపా మొత్తానికి వర్తింపజేశాడు. తరచుగా సరిహద్దు దాటి పనిచేసే, చదివే, స్నేహం చేసే అవకాశం జనాభాలో ఒక చిన్న పాలుకే ఉంది, వాళ్లలో ఎక్కువమంది చదువుకున్న వృత్తి నిపుణులు, ఐరోపా పౌరులమనే భావనా వాళ్లలోనే వేళ్లూనింది. 1987లో 11 దేశాల్లో 3,244 మంది విద్యార్థులతో మొదలైన, మరో దేశంలో కొన్ని నెలలు చదివించే ఎరాస్మస్ పథకం ఈ కలయికను పెంచడానికే పుట్టింది. అయితే దాని గురి తప్పిందని థెరెసా కూన్ 2012లో వాదించింది. విశ్వవిద్యాలయానికి వెళ్లే పిల్లలు అప్పటికే ఐరోపా పట్ల సుముఖులు. వాళ్లను ఇంకో దేశం పంపితే కొత్తగా మారేది తక్కువ. బడి మధ్యలో మానేసి పనికి పోయిన పిల్లవాడికి ఆ కొన్ని నెలలు దొరికి ఉంటే తేడా తెలిసేది. అలాంటివాళ్లకు ఆ అవకాశం చాలా అరుదు.

2016 జూన్ 23న బ్రిటన్ 51.9 శాతం ఓట్లతో ఐరోపా యూనియన్‌ను వదులుకోవాలని తేల్చుకుంది. ఆనాటి ఎంపీల్లో నాలుగింట మూడు వంతులమంది ఉండిపోదామన్నవాళ్లే. డేవిడ్ గుడ్‌హార్ట్ మరుసటి ఏడాది రాసిన పుస్తకంలో బ్రిటిష్ జనాన్ని ఎక్కడైనా బతకగలవాళ్లు, ఒకచోట పాతుకున్నవాళ్లు అని విడదీశాడు. మధ్యలో ఇటూ అటూ కానివాళ్లూ ఉన్నారని ఆయన చెప్పినా, చర్చల్లో ఆ మధ్యవాళ్లు మాయమయ్యారు. ఓటుకు మూడు నెలల తర్వాత ప్రధాని థెరీసా మే పార్టీ సభలో, ప్రపంచ పౌరులమనుకునేవాళ్లు ఎక్కడి పౌరులూ కారని అర్థం వచ్చేలా మాట్లాడింది. ఆ మాట చాలామందికి, ముఖ్యంగా వలస కుటుంబాలకు, గుచ్చుకుంది.

ఆ ఓటును లోతుగా చూస్తే పెద్దలు–సామాన్యులు అనే గీత చెదిరిపోతుంది. ఉండిపోదామని 78.6 శాతం ఓటేసిన దక్షిణ లండన్‌లోని లాంబెత్ సంపన్నుల పేట కాదు. కరీబియన్ దీవులవాళ్లు 1948 తర్వాత వచ్చి స్థిరపడిన బ్రిక్స్‌టన్ అక్కడే ఉంది. పోర్చుగీసు వాళ్ల కాఫీ దుకాణాలున్న స్టాక్‌వెల్ అక్కడే ఉంది. వెళ్లిపోదామని 75.6 శాతం ఓటేసిన లింకన్‌షైర్‌లోని బోస్టన్ కూడా పరదేశీయులను చూడని ఊరు కాదు. 2004లో తూర్పు ఐరోపా దేశాలు యూనియన్‌లో చేరాక పోలండ్, లిథువేనియా కూలీలు అక్కడి కూరగాయల పొలాలకు, ప్యాకింగ్ షెడ్లకు తక్కువ కాలంలో పెద్ద సంఖ్యలో వచ్చారు. రెండు ఊళ్లలోనూ కలయిక ఉంది. ఒకచోట అది మూడు తరాలుగా ఇరుగుపొరుగు అయింది. మరోచోట కొద్ది ఏళ్లలో కూలి రేటుగా, అద్దె ఇంటి పోటీగా వచ్చి పడింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. బ్రిటన్‌లో ఏళ్లుగా ఉంటున్న పోలండ్, ఇటలీ పౌరులకు ఆ ఓటు హక్కు లేదు. కామన్వెల్త్ దేశాలవాళ్లకు ఉంది. అందువల్ల అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు భారత పాస్‌పోర్టు చేతిలో ఉండగానే బ్రిటన్ ఐరోపాలో ఉండాలో వద్దో తేల్చే ఓటు వేయగలిగారు.

పెద్దల విశ్వపౌరత్వానికి హద్దులు

సామాజిక శాస్త్రవేత్త క్రెయిగ్ కాల్హూన్ 2002లో రాసిన వ్యాసంలో, తరచూ విమానాలెక్కేవాళ్ల వర్గచైతన్యమే విశ్వపౌరత్వంగా చెలామణి అవుతోందని హెచ్చరించాడు. దేశాలు మారినా వాళ్లు కలిసే మనుషులు మారరు: అదే భాష, అదే చదువు, అదే హోటలు. పరాయితనం వంటలో, సంగీతంలో ఇంపుగా ఎదురవుతుంది. బతుకుతెరువులో పోటీగా ఎదురుకాదు. ఉన్నత వర్గం లోపల కూడా ఏకాభిప్రాయం ఉండదు. వ్యాపారాధిపతికి సరుకు, పెట్టుబడి దాటితే చాలు. మానవ హక్కుల సంఘపు నాయకుడికి శరణార్థి దాటడం ముఖ్యం. ఓట్ల కోసం నియోజకవర్గానికి తిరిగి రావలసిన రాజకీయ నాయకుడు ఇద్దరికంటే ఆచితూచి మాట్లాడతాడు.

డబ్బుతో పౌరసత్వం కొనే దారీ ఉంది. కరీబియన్ దేశం సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ 1984లోనే పెట్టుబడిదారులకు పాస్‌పోర్టు ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. మాల్టా పదేళ్లకు పైగా నడిపిన అలాంటి పథకం చట్టవిరుద్ధమని ఐరోపా న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఇలా దేశం మార్చుకునే సౌలభ్యాన్ని విశ్వపౌరత్వం అనడం నాకు సమ్మతం కాదు. హక్కు పెరిగింది, ఎవరి పట్లా బాధ్యత పెరగలేదు.

ప్రయాణం పాత గీతలను చెరిపేస్తుందన్న నమ్మకమూ అంత గట్టిది కాదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. సాంకేతిక పరిశ్రమలకు పేరుపడ్డ ఆ నగరంలో దక్షిణాసియా నుంచి ఉన్నత చదువులతో వచ్చినవాళ్లు చాలామంది. సముద్రాలు దాటిన డిగ్రీలతోపాటు కులమూ దాటిందని చెప్పినవాళ్ల సాక్ష్యాల మీద వచ్చిన చట్టమది. తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు.

సామాన్యుల దారి

మిషెల్ లామాంట్, సదా అక్సార్తోవా 2002లో అచ్చువేసిన అధ్యయనం అమెరికాలో, ఫ్రాన్స్‌లో పనిచేసుకు బతికే 150 మంది మగవాళ్లతో జరిపిన సుదీర్ఘ సంభాషణల మీద నిలిచింది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, పారిస్ శివార్లలోని ఉత్తర ఆఫ్రికా వలస కార్మికులు అందులో ఉన్నారు. వేరే జాతివాళ్లు తమతో సమానమని ఎందుకనుకుంటున్నారని అడిగితే వాళ్లు తత్త్వశాస్త్రం చెప్పలేదు. బహుళ సంస్కృతుల గొప్పతనమూ ఎత్తుకోలేదు. మంచివాడూ చెడ్డవాడూ ప్రతి జాతిలో ఉంటారని, చెమటోడ్చి ఇల్లు నడుపుకునేవాడు ఎవడైనా ఒకటేనని, అందరినీ పుట్టించింది దేవుడేనని చెప్పారు. తెలుగు పల్లెలోనైనా ఇవే మాటలు వినిపిస్తాయి. సర్వే పత్రంలో మాత్రం వీటికి గడి ఉండదు. పరదేశపు సినిమాలు చూస్తారా, విదేశీ మిత్రులున్నారా అన్న ప్రశ్నలకు ఈ మనిషికి పడేవి సున్నాలే. ప్నీనా వెర్బ్నర్ 1999లో, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పాకిస్తానీ కార్మికుడి అనుభవం ఆధారంగా, శ్రామికుల్లోనూ విశ్వపౌరులు ఉంటారని వాదించింది. విశ్వపౌరుడంటే రుచి తెలిసిన మేధావి అని గీసిన పాత బొమ్మకు అది జవాబు.

సామాన్యుడికి ఇది సహజంగా అబ్బుతుందని కూడా అనుకోకూడదు. అందుకు గట్టి సాక్ష్యం తెలుగువాళ్ల చరిత్రలోనే ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కొరంగీలు’ అనేవారు. రంగూన్ ఓడరేవులో మూటలు మోసింది వాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు వాళ్ల చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. రాజీ కుదిరి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. అప్పుడు రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. బర్మాలో అధికారిగా పనిచేసిన జె.ఎస్. ఫర్నివాల్ తర్వాత అక్కడి సమాజాన్ని వర్ణిస్తూ, పలు జాతులు పక్కపక్కనే ఉన్నా బజారులో తప్ప కలవవని రాశాడు. కలిసి ఉండడం వేరు, కలవడం వేరు.

ఈ రెండింటి తేడాను మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఒక సిద్ధాంతంగా చెప్పాడు. పరిచయం పగను తగ్గించాలంటే ఇద్దరికీ సమాన హోదా ఉండాలి. లక్ష్యం ఉమ్మడిగా ఉండి పోటీ బదులు సహకారం నడవాలి, పైనున్న చట్టమో సంస్థో దాన్ని బలపరచాలి. రంగూన్ రేవులో ఇందులో ఒక్కటీ లేదు. ఒకడి సమ్మెను మరొకడి ఆకలితో విరగ్గొట్టారు.

పైవాళ్ల అండ లేకపోతే సామాన్యుడి ఔదార్యం ఎంతకాలం నిలుస్తుందో గ్రీసులోని లెస్బోస్ దీవి చూపింది. 2015లో సిరియా, అఫ్గానిస్తాన్ శరణార్థులు రబ్బరు పడవల్లో వచ్చిపడుతుంటే జాలరులు, ముసలమ్మలు నీళ్లలోకి దిగి పిల్లలను అందుకున్నారు. ఆ దీవివాసులను నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు కూడా. ఐరోపా దేశాలు బరువు పంచుకోలేదు. శిబిరాలు కిక్కిరిశాయి. 2020 మొదట్లో అదే దీవిలో కొత్త శిబిరం కట్టవద్దని జనం పోలీసులతో తలపడ్డారు, సహాయ సంస్థల కార్యకర్తల మీద దాడులూ జరిగాయి. ఆ ముసలమ్మల మనసు రాత్రికి రాత్రి ఇరుకైందని ఎలా అనగలం?

ఉత్తర తెలంగాణ ఊళ్లలో గల్ఫ్‌లోని ఏ దేశం వెళ్లినా ‘దుబాయి పోవుడు’ అనే అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు నుంచి మగవాళ్లు కట్టడాల పనికి, కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్‌లో, ఇతర దేశాల్లో ఇంటిపనికి ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నారు. క్యాంపు గదిలో నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. ఊళ్లో హిందీ రానివాడు అక్కడ హిందీ, ఆపైన పనికి సరిపడా అరబ్బీ నేర్చుకుంటాడు. ఆకామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీ పడే యజమాని), ఖద్దామా వీసా (ఇంటిపని వీసా) వంటి మాటలు అలా మన ఊళ్లకు చేరాయి. ఇన్ని జాతులతో ఇంత దగ్గరగా బతికిన అనుభవం మన ఉన్నతాధికారుల్లో ఎంతమందికి ఉంది?

వీళ్లకు సరిహద్దు తెరుచుకునే షరతు వేరు. పదో తరగతి పాసు కాని మనిషి పాస్‌పోర్టు మీద, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి కావాలనే ముద్ర ఉంటుంది. 1983 వలస చట్టం కింద వచ్చిన ఈ ఏర్పాటు ఉద్దేశం ఏజెంట్ల మోసాల నుంచి కాపాడడమే, అవసరమూ కాదనలేం. కానీ అది ఒకే దేశపు పౌరులను పాస్‌పోర్టులోనే రెండు రకాలు చేసింది. 2018 జనవరిలో ఆ ముద్ర ఉన్నవాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. అది అవమానమని విమర్శలు రావడంతో ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. గమ్యంలోనూ ఇదే తీరు. జనాభాలో పదింట తొమ్మిది వంతుల దాకా పరదేశీయులే ఉన్న యూఏఈ 2019 నుంచి పెట్టుబడిదారులకు, నిపుణులకు దీర్ఘకాలపు గోల్డెన్ వీసాలు ఇస్తోంది. కూలీ ఉనికి మాత్రం యజమాని పేరుతో కట్టిన వీసాకే ముడిపడి ఉంటుంది.

కార్మికుణ్ణి యజమానికి కట్టేసే ఈ కఫాలా పద్ధతి కొంత సడలుతోంది. ఖతర్ 2020లో యజమాని ఒప్పుకోలు లేకుండానే ఉద్యోగం మారే వీలిచ్చింది. సౌదీ అరేబియా 2021 మార్చిలో ప్రైవేటు సంస్థల కార్మికులకు అలాంటి సంస్కరణలే తెచ్చింది. అరబ్బు ఇంట్లో వండి, పిల్లలను ఎత్తుకుని పెంచి, వాళ్ల భాషలోనే లాలిపాడి నిద్రపుచ్చే ఇంటిపనివాళ్లు ఆ సౌదీ సంస్కరణ పరిధిలోకి రాలేదు.